పంచాయతీ వెబ్ పుటలో బొమ్మలు
(ఉప్పల్‌లో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున జరుగు పని గ్రామస్థులందరికిని తెలియవలెనన్నది పంచాయతీ పరిపాలనకు మొదటి సూత్రము. పూర్వము ఇందుకు దండోరా ఉండెను. చావడి గోడ ఉండెను. కార్యాలయపు నోటీసు బోర్డు ఉండెను. ఇవి నేటికిని అవసరమే. వీనికి తోడుగా ఇప్పుడు వెబ్ పుట వచ్చినది. ప్రజలు అడుగకముందే ప్రభుత్వ సంస్థలు తమ వివరములను ప్రకటింపవలెనని, అందుకు ఇంటర్నెట్టును కూడ వినియోగింపవలెనని 2005 సంవత్సరపు సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను చెప్పుచున్నది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను ఎవరైనను చూడగల వీలు ఏర్పడినది.

ఇట్టి పుటలలో బొమ్మలకు గొప్ప స్థానము కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము నేటి తెలంగాణ ప్రాంతమున అక్షరాస్యులు నూటికి 66 మందికి కొంచెము మించియుండిరి. చదువు రానివానికి బొమ్మయే అక్షరము. చదువు వచ్చినవాడైనను "మురుగు కాలువ పూర్తియైనది" అను వాక్యము కన్న ఆ కాలువ ఛాయాచిత్రమునే ఎక్కువగా నమ్మును.

అయితే బొమ్మను పుటలో పెట్టుట వేరు. అది చూడవలసినవానికి చేరుట వేరు. ఒక గ్రామమున పింఛను అర్హుల జాబితాను ప్రకటించి, అభ్యంతరములకు ఏడు దినములు గడువు ఇచ్చిరనుకొందము. జాబితా కాగితమును ఫోనుతో వంకరగా తీసి, ఆ పెద్ద ఫోటోను ఉన్నదున్నట్లు పుటలో పెట్టిరి. సిగ్నలు సరిగా అందని వాడలో ఒక వృద్ధురాలు మనుమని ఫోనులో తన పేరు చూచుకొనబోయినది. బొమ్మ సగము వచ్చి ఆగిపోయినది. వచ్చిన సగములో అక్షరములు అలుకుకొనిపోయి ఉన్నవి. గడువు దాటినది. జాబితా ప్రకటించితిమని పంచాయతీ చెప్పును. అది అబద్ధము కాదు. కాని ఆ అవ్వకు జాబితా అందలేదు. ఈ రెండు సంగతులకు నడుమనున్న దూరమును తగ్గించుటయే నేటి మా ప్రసంగ విషయము.

1993వ సంవత్సరము

వెబ్ పుటలకు మొదట బొమ్మలు లేవు. టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు యూరపులోని సెర్న్ పరిశోధనశాలలో వెబ్బును రూపొందించినపుడు అది ప్రధానముగ అక్షరముల వ్యవస్థ. అక్షరముల నడుమనే బొమ్మ కనబడునట్లు చేయు ఆజ్ఞను 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసన్ అను అమెరికను యువకుడు ప్రతిపాదించెను. ఆ ఏడే వచ్చిన మొజాయిక్ బ్రౌజరుతో అది వ్యాపించెను. అదే సంవత్సరము ఏప్రిల్ 30న సెర్న్ వారు వెబ్బును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించిరి.

దీనికి ఆరు దినముల ముందు, 1993 ఏప్రిల్ 24న, మన పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చిన 73వ సవరణ అమలులోనికి వచ్చెను. ఈ రెంటికిని సంబంధము లేదు. అయినను గ్రామ స్వపరిపాలనకు రాజ్యాంగ బలము, బొమ్మలతో కూడిన వెబ్ పుట రెండును ఒకే వేసవిలో మనకు లభించినవని గుర్తుంచుకొనుట బాగుండును.

బొమ్మ బరువు ఎంత?

మన ఆడవారు వాకిట చుక్కల ముగ్గు పెట్టుదురు. ఫోనులోని బొమ్మ కూడ చుక్కల ముగ్గు వంటిదే. ఈ చుక్కలను పిక్సెళ్లు అందురు. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క రంగు. అడ్డముగ 4000, నిలువుగ 3000 చుక్కలు గల ఫోటోలో మొత్తము ఒక కోటి ఇరువది లక్షల చుక్కలుండును. నేటి ఫోన్లు సామాన్యముగ తీయు ఫోటో ఇంతటిది. ఒక్కొక్క చుక్క రంగును వ్రాయుటకు మూడు బైట్లు కావలెను. అనగా కుదింపక ఉంచినచో ఆ ఫోటో 3 కోట్ల 60 లక్షల బైట్లు, సుమారు 36 మెగాబైట్లు. ఫోను దీనిని కుదించి నాలుగు మెగాబైట్ల వరకు దించును.

క్షణమునకు ఒక మెగాబిట్టు వేగముతో నడచు బలహీనమైన కనెక్షనుపై ఈ నాలుగు మెగాబైట్లు చేరుటకు 32 సెకండ్లు పట్టును. పది ఫోటోలున్న పుటకు అయిదు నిమిషములు దాటును. అంతసేపు ఎవరును ఆగరు. ఫోను తెరపై చూచుటకు ఇన్ని చుక్కలు అక్కరలేదు. అదే ఫోటోను అడ్డము 1200, నిలువు 900 చుక్కలకు తగ్గించినచో చుక్కలు పదకొండవ వంతునకు దిగును. కుదించిన పిదప సుమారు 200 కిలోబైట్లలో ఇమిడ్చవచ్చును. అపుడు ఒక ఫోటోకు రెండు సెకండ్లైనను పట్టదు. పది ఫోటోలకు పదహారు సెకండ్లు చాలును. ఖర్చు లేదు, కొత్త యంత్రము అక్కరలేదు. ఫోటోను పుటలో పెట్టుటకు ముందు కొలత తగ్గించుట ఒక్కటే పని.

చెరుగుట, బిగించుట

కుదింపు రెండు విధములు. బియ్యము చెరిగి తవుడు, నూక తీసివేసినచో బరువు తగ్గును. తీసివేసినది మరల రాదు. ఇది మొదటి విధము. బట్టలను మడిచి మూట బిగించినచో మూట చిన్నదగును. విప్పినపుడు ఒక్క పోగైనను తగ్గదు. ఇది రెండవ విధము. బొమ్మల ఫైళ్ల రకములన్నియు ఈ రెండు విధములపై ఆధారపడియున్నవి.

చెరుగు పద్ధతిలో ప్రసిద్ధమైనది జెపెగ్. దీని ప్రమాణము 1992లో స్థిరపడెను. ఇది బొమ్మను అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల చిన్న మళ్లుగా విభజించి, ఒక్కొక్క మడిలో మనుష్యుని కన్ను గుర్తింపజాలని సూక్ష్మ భేదములను విడిచివేయును. దీనికి మూలమైన గణిత పద్ధతిని 1974లో ప్రకటించిన ముగ్గురు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు గారలు. వీరిలో రామమోహనరావు గారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యులుగా దీర్ఘకాలము పనిచేసి, 2021లో కీర్తిశేషులైరి. నేడు ప్రపంచమున ఫోను తీయు ఫోటోలలో అధిక భాగము వారి గణితముపై నడచుచున్నది.

మూట బిగించు పద్ధతిలో ముందు వచ్చినది జిఫ్. ఇది 1987 నాటిది. ఇందు ఒక బొమ్మకు 256 రంగులకు మించి ఉండవు. దాని కుదింపు విధానముపై పేటెంటు రుసుము అడుగుదురని 1994 చివర తెలియగా, ఎవరికిని రుసుము చెల్లించనక్కరలేని పి.ఎన్.జి. అను రకమును నిపుణులు సిద్ధము చేసి 1996లో వెలువరించిరి. ఇందు ఒక్క చుక్కయైనను పోదు. రంగులకు కొరత లేదు.

ఉప్పల్ పటము, నాచారము ఫోటో

ఏ బొమ్మకు ఏ రకము తగునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. మనము కూర్చున్న ఈ ఉప్పల్‌లో భారత సర్వే సంస్థవారి కార్యాలయము, భూమి కొలతలను, పటముల తయారీని నేర్పు వారి శిక్షణ సంస్థ ఉన్నవి. 1767లో ఏర్పడిన ఆ సంస్థయే స్వామిత్వ పథకము క్రింద గ్రామములపై డ్రోనులను నడపి, ఇండ్ల హద్దుల పటములను తయారుచేయుచున్నది. పొరుగుననున్న నాచారమున ఒక వంక పారిశ్రామికవాడ కలదు. మరియొక వంక నందమూరి తారక రామారావు గారు రామకృష్ణా సినిమా స్టూడియోను నెలకొల్పిరి. ఉప్పల్ పని గీత. నాచారము స్టూడియో పని వెలుగు నీడలు. ఈ భేదమును పట్టుకొన్నచో విషయము సులభమగును.

పటమున ఏమున్నది? కొద్దిపాటి రంగులు, స్పష్టమైన గీతలు, చిన్న అక్షరములు, అంకెలు. అట్టి బొమ్మను జెపెగ్‌లో పెట్టినచో గీతల అంచుల చుట్టును బూడిదరంగు మరకలు లేచును. సర్వే నెంబరులోని 3 చూపునకు 8 వలె కనబడవచ్చును. కావున పటములకు, ప్లానులకు, పట్టికలకు, పంచాయతీ ముద్రకు పి.ఎన్.జి. తగినది. వీనిలో రంగులు కొద్ది గనుక మూట కూడ చిన్నదగును.

సినిమా బొమ్మలో ఏమున్నది? ముఖముపై వెలుగు మెల్లమెల్లగా నీడలోనికి జారును. ఆకాశము నీలమునుండి తెలుపునకు ఎప్పుడు మారెనో చెప్పలేము. ఇందు లెక్కలేనన్ని రంగులు. గీత యని చెప్పదగినది ఏదియు లేదు. కొద్ది సూక్ష్మములు పోయినను కన్ను గుర్తింపదు. గ్రామసభ ఫోటో, రోడ్డు ఫోటో, మొక్కలు నాటిన ఫోటో ఈ జాతివే. వీనికి జెపెగ్ తగినది. ఇదే ఫోటోను పి.ఎన్.జి.లో పెట్టినచో ఫైలు అనేక రెట్లు పెరుగును. చూపునకు లాభమేమియు కనబడదు.

ఉప్పల్ నల్లచెరువు వంటి చెరువునే తీసికొనుడు. చెరువు నిండియున్నపుడు తీసిన ఫోటో జెపెగ్‌లో ఉండవచ్చును. కాని ఆ చెరువు పూర్తి నీటిమట్టపు గీతను చూపు పటము జెపెగ్‌లో ఉండరాదు. ఏలయన ఆ గీతకు ఇవతల ఇల్లు కట్టవచ్చునా, కట్టరాదా అన్నది ఒక కుటుంబపు జీవితకాల సంపాదనకు సంబంధించిన ప్రశ్న. గీత అలుకుకొనిపోయిన పటమును చూచి స్థలము కొన్నవానికి ఎవరు సమాధానము చెప్పగలరు?

మరి మూడు రకములు

పటమును గీతల కొలతలుగనే వ్రాసియుంచు రకమొకటి కలదు. దానిని ఎస్.వి.జి. అందురు, 2001లో ప్రమాణమైనది. ఇది చుక్కల ముగ్గు కాదు. "ఇక్కడినుండి అక్కడికి గీత లాగుము" అని మేస్త్రీకి ఇచ్చు కొలతల చీటీ వంటిది. ఎంత పెంచి చూచినను గీత చెదరదు. కంప్యూటరుపై గీచిన పటములకు, ముద్రలకు ఇది ఉత్తమము, ఫోటోలకు పనికిరాదు.

గూగుల్ సంస్థ 2010లో వెలువరించిన వెబ్‌పి అను రకము చెరుగుట, బిగించుట రెండును చేయగలదు. సామాన్యముగ జెపెగ్ కన్న చిన్న ఫైలును ఇచ్చును. నేటి బ్రౌజర్లన్నియు దీనిని చూపును. పుటను నడుపు ఆపరేటరుకు వీలున్నచో ఫోటోలకు దీనిని వాడవచ్చును.

మూడవదానిని గూర్చి హెచ్చరిక. 2017 నుండి ఆపిల్ ఫోన్లు ఫోటోలను హెయిక్ అను రకములో దాచుచున్నవి. చాల బ్రౌజర్లు దీనిని చూపవు. అట్టి ఫోటోను జెపెగ్‌గా మార్చిన తరువాతనే పుటలో పెట్టవలెను.

ఇంకొక మాట. జెపెగ్ ఫోటోను తెరచి, మార్చి, మరల దాచిన ప్రతిసారియు అది మరల చెరుగబడును. వాట్సాపులో ఫోటోగా పంపినపుడును ఇట్లే జరుగును. నలుగురి ఫోన్లు తిరిగి వచ్చిన నోటీసు చదువరాకుండుటకు ఇదియే కారణము. అసలు ఫోటోను కార్యాలయమున భద్రపరచి, దాని ప్రతిని మాత్రమే చిన్నదిగా చేయవలెను. వాట్సాపులో పంపవలసివచ్చినపుడు డాక్యుమెంటుగా పంపినచో నష్టము లేదు.

బొమ్మకు మాట తోడు

పుటలో బొమ్మను నిలుపు ఆజ్ఞలో నాలుగు సంగతులు చెప్పవలెను. బొమ్మ ఎచ్చటనున్నది, దాని వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, దానికి బదులుగ చదువవలసిన మాట ఏమి. వెడల్పు, ఎత్తు ముందుగ చెప్పినచో బ్రౌజరు ఆ మేరకు చోటు విడిచి ఉంచును; బొమ్మ ఆలస్యముగ వచ్చినను చదువుచున్న వరుస క్రిందికి దుముకదు.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. 2011 లెక్కల ప్రకారము మన దేశమున చూపునకు సంబంధించిన వైకల్యము గలవారు 50 లక్షలకు పైగా ఉండిరి. వీరికై ఫోను అక్షరములను బిగ్గరగ చదివి వినిపించును. బొమ్మ వద్దకు వచ్చునప్పటికి దానికి మాట లేనిచో ఫోను "బొమ్మ" యని మాత్రము పలికి ఊరకుండును. "గ్రామసభ ఫోటో" అని వ్రాయుట చాలదు. "పాఠశాల ఆవరణలో గ్రామసభ, సుమారు నూరుమంది కూర్చునియున్నారు, సర్పంచి ప్రణాళిక చదువుచున్నారు" అని వ్రాయవలెను. సమాచారము అందరికిని అందునట్లు ఉండవలెనని 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము నిర్దేశించుచున్నది. ఇది దయ కాదు, బాధ్యత.

అక్షరమును బొమ్మ చేయరాదు

బొమ్మలను గూర్చి ఇంత చెప్పితిమి. బొమ్మ అక్కరలేని చోటును కూడ చెప్పవలెను. నోటీసు, జాబితా, తీర్మానము, లెక్కల పట్టిక — ఇవి అక్షరములుగానే ఉండవలెను. ముద్రణాలయములందలి పాత ఫాంట్లతో కూర్చిన తెలుగు పుటలోనికి ఎక్కించినపుడు చెదరిపోవుచుండెను గనుక, దానిని ఫోటో తీసి పెట్టు అలవాటు కార్యాలయములలో పాతుకొన్నది. ఆ ఇబ్బందికి పరిష్కారము ఎన్నడో వచ్చినది. యూనికోడులో తెలుగు 1991 నుండి ఉన్నది. నేటి ఫోన్లన్నియు దానిని చదువగలవు, వ్రాయగలవు. యూనికోడులో టైపు చేసిన జాబితాలో పేరును వెదకవచ్చును, పెద్దది చేసికొనవచ్చును, చెవితో వినవచ్చును. అది ఫోటో కన్న ఎన్నో రెట్లు తేలిక. ముందు చెప్పిన అవ్వ పేరు అట్టి జాబితాలో ఉన్నచో ఒక్క క్షణములో కనబడియుండును. సంతకములు, ముద్ర చూపవలసినచో స్కాను ప్రతిని క్రింద జతచేయవచ్చును. అక్షరములకు బదులుగ కాదు.

సత్యము, మర్యాద

పనుల ఫోటోలు సాక్ష్యము వంటివి. 2023 జనవరి 1 నుండి ఉపాధిహామీ పనులలో ఫోటోలతో హాజరు తీయుట దేశమంతట తప్పనిసరి చేయబడెను. ఫోటోకు ఇంత విలువ వచ్చినపుడు దాని నిజాయితీ కూడ పెరుగవలెను. పనికి ముందు, నడుమ, తరువాత ఒకే చోట నిలిచి మూడు ఫోటోలు తీయవలెను. క్రింద స్థలము, తేదీ వ్రాయవలెను. ఒక వీధి ఫోటోను మరియొక వీధి పనికి పెట్టుట, రంగులు మార్చుట, ఇటీవలి కృత్రిమ మేధ పరికరములతో లేనిదానిని కల్పించుట — ఇవి దొంగ లెక్కలతో సమానము.

మర్యాద కూడ పాటింపవలెను. ఫోను తీసిన ఫోటో ఫైలులో కంటికి కనబడని చోట తీసిన తేదీ, స్థలపు అక్షాంశ రేఖాంశములు దాగియుండవచ్చును. రోడ్డు పనికి ఇది మేలు. ఒంటరిగనున్న స్త్రీ ఇంటి ముందు తీసిన ఫోటోకు ఇది కీడు. కార్యాలయపు ప్రతిలో ఈ వివరమును ఉంచి, పుటలో పెట్టు ప్రతినుండి తీసివేయవలెను. ఆధార్ సంఖ్య, బ్యాంకు పుస్తకము, రోగుల పేర్లు కనబడు ఫోటోలను ఎట్టి పరిస్థితిలోను ప్రకటింపరాదు. సాయము పొందినవారి ముఖమును వారి సమ్మతి లేక చూపరాదు. బియ్యము తీసికొన్నంతమాత్రమున ఎవరును తమ గౌరవమును పంచాయతీకి అప్పగింపలేదు.

సభ్యులు చేయదగినది

ఈ పనులన్నియు సభ్యులు స్వయముగ చేయనక్కరలేదు. కార్యదర్శి, ఆపరేటరు చేయుదురు. కాని అడుగవలసినది సభ్యులే. రాబోవు సమావేశమున ఈ ఆరు ప్రశ్నలు అడుగుడు.

1. మన పుటలోని ఫోటోలు పెట్టుటకు ముందు చిన్నవి చేయబడినవా?
2. ఫోటోలు జెపెగ్ లేక వెబ్‌పిలో, పటములు పి.ఎన్.జి. లేక ఎస్.వి.జి.లో ఉన్నవా?
3. ప్రతి బొమ్మకును చదివి వినిపించు మాట ఉన్నదా?
4. జాబితాలు, తీర్మానములు యూనికోడు అక్షరములలో ఉన్నవా?
5. అసలు ఫోటోలు తేదీవారీగ కార్యాలయమున భద్రముగ ఉన్నవా?
6. ఎవరి గౌరవమునకైనను, భద్రతకైనను భంగము కలిగించు ఫోటో ఉన్నదా?

తరువాత మీ గ్రామమున సిగ్నలు అన్నిటికన్న తక్కువగ అందు చోటికి పోయి, అందరికన్న పాత ఫోనులో మన పుటను తెరచి చూడుడు. అక్కడ తెరచుకొన్నచో అన్నిచోట్లను తెరచుకొనును.

ఉప్పల్ ఒకప్పుడు గ్రామమే. పిదప పురపాలక సంఘమై, 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసెను. నగరము పెరిగినకొలది చెరువు హద్దులను, బాటల వెడల్పును, ఖాళీ స్థలములను గూర్చిన వివాదములు పెరుగుట సహజము. అట్టి దినమున పాత పటము, పాత ఫోటో మాటలాడవలసివచ్చును. మీ గ్రామములు కూడ పెరుగుచున్నవి. నేడు మీరు స్పష్టముగ తీసి, తగిన రకములో దాచి, తేదీ వ్రాసి పెట్టిన బొమ్మ ఇరువది సంవత్సరముల తరువాత మీ మనుమల పక్షమున సాక్ష్యము చెప్పును. ఆ పనిని ఈ నెలనుండియే ప్రారంభింపుడని మిమ్ము కోరుచు సెలవు తీసికొనుచున్నాము.